తొండూరు దోవలో వీరగల్లు

టూరుకు ముందు రోజే గైడు దోవ మొత్తం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి గుడి, జమ్మలమడుగులో టిఫిను, గండికోట, రిజర్వాయరు కట్ట, అక్కడి నుంచి ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల రంగనాథస్వామి గుడి. ఏ ఊళ్లో ఎన్ని గంటలకుంటామో, బస్సు నంబరేదో అంతా పూస గుచ్చినట్టు రాశాడు. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. నీ తెలివి తెల్లారినట్టే ఉంది నాయనా అనుకున్నాను. మా రోజుల్లో ఇలా దోవ చాటుకుని బయలుదేరిన మనిషి ఇల్లు చేరతాడని ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

మా వైపు పార్టీ అంటే జెండా కాదు, వర్గం. ఊరు రెండు పార్టీలు, ఇల్లు రెండు పార్టీలు. ఎవరు ఎటు పోతున్నారన్నది ప్రాణం మీదికొచ్చే సంగతి కాబట్టి నిజం దోవ ఎవరూ చెప్పేవారు కాదు. ఒకటి చెప్పి ఇంకొకదాంట్లో పోవడం అన్నం తిన్నంత మామూలు. అది కత్తులు పట్టినవాళ్లకే పరిమితమైందా అంటే, లేదు. మా నాయన జమ్మలమడుగు హైస్కూల్లో సోషల్ అయ్యవారు. చాక్‌పీసు తప్ప ఏదీ పట్టి ఎరగడు. ఆయన కూడా ప్రొద్దుటూరు పోతున్నానని చెప్పి కొండాపురం పోయేవాడు. "వంకాయలు తెచ్చేదానికి కూడా అబద్ధమేనా?" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. మా చిన్నాయన ఒక పార్టీలో పెద్ద తలకాయ. అందువల్ల మా నాయనా ఆ లెక్కలోకే వచ్చేవాడు.

టూరుకు నాతో అక్క వచ్చింది. "నాయన ఊళ్లో పిల్లలందరికీ కోట చూపిచ్చినాడు, నాకే చూపియ్యల్యా. నువ్వన్నా చూపీమ్మే" అని అడిగితే టికెట్లు తీసుకున్నాను. నిజమే, నాయన ఏటా స్కూలు పిల్లల్ని బస్సులో గండికోట తీసుకుపోయేవాడు. ఆ టూర్లు మొదలయ్యేసరికే అక్కకు పెళ్లయిపోయింది. పెళ్లప్పుడు రెండిళ్లూ ఒకటే పార్టీ. ఆ తర్వాతి ఎలక్షన్లలో అక్క మామ పార్టీ మార్చాడు. అంతే, వియ్యంకులు విరోధులయ్యారు. తొండూరు దగ్గర అక్క అత్తగారి ఊరు మాకు పోకూడని ఊరైంది. పుట్టింటి గడప ఆమెకు తొక్కకూడని గడపైంది. అక్కకు ఆడబిడ్డ పుడితే నాయన చూడలేదు. ఎంత అన్యాయమో చూడండి, మనవరాలు ఎవరి పోలికో తొండూరు బస్సు కండక్టరు చెబితే తెలుసుకోవాల్సి వచ్చింది.

గండికోటలో గైడు బాగానే హడావిడి చేశాడు. "ఇండియాలో గ్రాండ్ కేనియన్ అమ్మా ఇది!" అన్నాడు. మా పెన్నమ్మ కోసిన గండికి అమెరికా పేరు పెట్టి పొగుడుకోవాల్సిన ఖర్మ మాకేమిటో. ధాన్యాగారం ముందు ఫొటోలు, మసీదు ముందు ఫొటోలు, మాధవరాయస్వామి గోపురం ముందు మళ్లీ ఫొటోలు. గర్భగుడిలో విగ్రహం లేదు. నాయన అయితే అక్కడ చెప్పులు విడిపించేవాడు. "సామి లేకపోతే ఏంరా, ఇన్నేండ్లు మొక్కినోళ్లు ఉండారు గదా" అనేవాడు. ఆ మాట చెబితే అక్క వెంటనే చెప్పులు విడిచి, ఖాళీ గర్భగుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం మనసు అక్కడ లేదు. టూరు తొండూరు దోవ పడుతుందని తెలిసినప్పటి నుంచి ఒకటే గుబులు.

ఎందుకంటే నాయన చివరి టూరు బస్సులో, ఆయన స్కూల్లోనే చదువుతున్న నేనూ ఉన్నాను. స్కూలు పిల్లలున్న బస్సును ఏ పార్టీ వాళ్లూ ముట్టరన్న ధైర్యంతో ఆ ఏడాది గండికోట తర్వాత పులివెందుల కూడా కలిపాడు. ఆ కండక్టరుతోనే అక్కకు మాట పంపాడు. "తొండూరు మీద వస్తాండా. మీ ఊరి మలుపుకాడ బిడ్డనెత్తుకోని నిలబడు" అని. అమ్మ రాత్రంతా చెనిక్కాయ పప్పులతో బెల్లం ఉండలు చేసి మూట కట్టింది. దోవ పొడుగునా నాయన ముందు సీట్లో ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. మలుపు రాగానే రేడియేటరుకు నీళ్లు పట్టాలని డ్రైవరుచేత బస్సు ఆపించాడు. అక్క లేదు.

దోవ పక్కన, సగం మట్టిలో కూరుకుపోయిన వీరగల్లు ఒకటి ఉంది. కత్తి పట్టిన మనిషి, కాళ్ల దగ్గర ఆవులు. ఏ టూరులోనూ లేని రాయి అది. పిల్లల్ని ఎలాగో నిలపాలి కదా, నాయన అందర్నీ దాని చుట్టూ నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు. మేమంతా రాయిని చూస్తున్నాం, ఆయన ఊళ్లోంచి వచ్చే బాటను చూస్తున్నాడు. పాఠం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. "సార్, ఇది చెప్పినారు గదా" అన్నారు పిల్లలు. డ్రైవరు గొణుగుడు మొదలుపెట్టాక ఇక బస్సెక్కి, అక్క కోసం తెచ్చిన మూట విప్పి ఉండలు పిల్లలందరికీ పంచేశాడు. నాకూ ఒకటిచ్చాడు. నేను తినలేకపోయాను.

"రాల్యా. అత్తోళ్లకు భయపడిందేమోలే" అన్నాడు ఇంటికొచ్చి. ఆ తర్వాత ఆ మాట ఎత్తనివ్వలేదు. టూర్లూ మానేశాడు. కొన్నాళ్లకు గుండె ఆగి పోయాడు. అక్క శవాన్ని చూడ్డానికి వచ్చి, ఓ మూల కూర్చుని, పొద్దు వాలకముందే వెళ్లిపోయింది. గొడవలు చల్లబడి రాకపోకలు మొదలయ్యాక కూడా ఆ రోజు సంగతి మా మధ్య రాలేదు. నాకు లోపల మంటగానే ఉండేది. ఇంటి ముందరి మలుపు దాకా రాలేకపోయిందా మహాతల్లి, అని.

రిజర్వాయరు కట్ట మీద బస్సు ఆగింది. గైడు సెల్ఫీలకు టైమిచ్చాడు. అక్క ఒక్కతే పడమటి దిక్కు నీళ్లకేసి చూస్తూ నిలబడింది.

"పాత కొండాపురం ఆ పక్కనే గదమ్మే? మునిగిపాయనంట గదా."

"అవునక్కా, ఊరంతా మునిగింది. ఏం?"

"ఏం లే. ఒకసారి ఆడ పొద్దుగూకేదాకా నిలబడినా, నాయన కోసరం. టూరు బస్సు ఆ దోవన వస్తాదని."

"కొండాపురంలోనా? నాయన తొండూరు దోవ అని కదా చెప్పి పంపింది?"

అక్క నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "చెప్పినాడు. కండక్టరు చెవిన ఏసిన మాట నిజం ఎట్లయితాది? మన నాయన చెప్పిన దోవన ఏపొద్దన్నా పోయినాడా? అందులో అది మా మామోళ్ల దోవ. నోటితో తొండూరు అన్నాడంటే కొండాపురం మీద చుట్టు తిరిగి పోతాడని నాకు తెలీదా? బిడ్డకు జరమని, పులివెందల ఆస్పత్రికని మా అత్తకు చెప్పి, తెల్లారకముందే ముద్దనూరు బస్సెక్కినా. ఆడ మా మామ మనుషులుంటారని ముసుగు కప్పుకోని బస్సు మారినా. పొద్దంతా బిడ్డ ఒకటే ఏడుపు. నాయన రాల్యా. భయపడినాడేమోలే అనుకున్యా. పాపం, నా బిడ్డను ఒక్కతూరి కూడా ఎత్తుకోకుండానే పాయ."

తండ్రి అలవాటు తెలిసిన కూతురు. కూతురి కోసం ఆ అలవాటు మానుకున్న తండ్రి. ఆమె భయపడిందని ఆయన, ఆయన భయపడ్డాడని ఆమె. ఎవరి మీద అరవను? పోయిన చిన్నాయన మీదా, పార్టీ మార్చిన మామ మీదా? పాడు కాలం, పాడు పార్టీలు. కూతురితో చెప్పిన నిజం కూడా అబద్ధంలా వినబడేట్టు చేశాయి కదా.

చెప్పాలా వద్దా? బస్సెక్కినా అదే గోల. చెబితే ఈ వయసులో ఆమె తట్టుకుంటుందా? చెప్పకపోతే నాయన పిరికివాడిగానే ఉండిపోతాడు. ముద్దనూరు దాటింది. తొండూరు వైపు తిరిగాం. గైడు మైకులో పులివెందుల గుడి గురించి ఏదో చెబుతున్నాడు. దూరంగా ఆ మలుపు కనబడగానే నేను ఆగలేకపోయాను.

"అక్కా, నాయన భయపడలేదు. ఈ దోవనే వచ్చాడు. ఈ మలుపులోనే బస్సు ఆపాడు. నేను ఉన్నాను అందులో."

అక్క నా వైపు తిరిగింది. "ఈ దోవనా? మా ఇంటి ముందరికా?" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అందరికీ అబద్ధం చెప్పే మనిషి నాకు నిజం చెప్తాడని నాకెట్ల తెలుస్తాదే!"

బస్సు ఆపమన్నాను. "అమ్మా, ఇక్కడ చూసేదేం లేదు, ఇది మన టూరులో లేదు" అన్నాడు గైడు. "ఉంది, ఆపు" అన్నాను కాస్త గట్టిగానే. ఆపారు. కంపచెట్లు కాలితో తొక్కుకుంటూ వెతికితే రాయి దొరికింది. ఇంకాస్త కూరుకుపోయింది, ఆవులు కనబడటం లేదు. అక్క దాని ముందు, స్కూలు పిల్లలు నిలబడినట్టు, చేతులు కట్టుకుని నిలబడింది.

"నాయన ఈడ ఏం చెప్పినాడు?"

"దీన్ని వీరగల్లు అంటారు. ఊరి ఆవుల్ని దొంగలు తోలుకుపోతుంటే ఒక్కడే అడ్డం పోయి చచ్చిపోయినోడి గుర్తు. పేరు ఎవరికీ తెలీదు. ఊరోళ్లు మాత్రం మర్చిపోకుండా రాయి నిలబెట్టారు. అని చెప్పాడు."

"అంతేనా?"

"అంతే. నువ్వొస్తావేమోనని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు."

డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులోంచి ఎవరో టైమవుతోందని కేకేశారు. అక్క కళ్లు తుడుచుకోలేదు, ఊళ్లోంచి వచ్చే బాట వైపు చూడలేదు, రాయినే చూస్తోంది.

"అయితే నువ్వూ మళ్లా చెప్పు" అంది.