కనుమ ఎక్కుతూ ఆగిన డెనీ

1985 వేసవిలో నేను ఒక ప్రొఫెషనల్ సైకిల్ జట్టుకు డాక్టరుగా చేరాను. కొలరాడో కొండల్లో రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి సాగే పోటీ అది. ఏ రోజు గెలుపు ఆ రోజుదే, అన్ని రోజుల సమయం కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళది మొత్తం గెలుపు. అప్పటిదాకా శాంటా క్లారాలో హాస్పిటల్ ఉద్యోగం తప్ప వేరే లోకం ఎరగను. జట్టులో మేనేజర్ మాటే శాసనం. ఆయన తర్వాత నాయకుడు, అంటే మొత్తం పోటీ గెలుస్తాడని జట్టు నమ్ముకున్న రైడరు. మిగతా అందరూ అతని కోసం తొక్కేవాళ్ళే. కొండలెక్కే బక్కవాడికి మాత్రం పాతకాలం నుంచి ఒక మినహాయింపు ఉండేది. కొండ వచ్చిందంటే అతని దారి అతనిది.

మా బక్కవాడి పేరు డెనీ. పిట్టంత మనిషి. కిలో బరువుకు ఎంత శక్తి అని లెక్కవేస్తే నా పరీక్షల్లో అతన్ని మించినవాడు లేడు. చదును రోడ్డు మీద ఆ లెక్క చెల్లదు, అక్కడ మొత్తం బలమే కావాలి. అందుకే ఆజానుబాహువు రస్ మా నాయకుడయ్యాడు. డెనీ ప్రొఫెషనల్ అయి నాలుగేళ్ళయినా ఒక్క పోటీ గెలవలేదు. దారిలో ఎత్తైన కనుమ దాటే రోజు మాత్రం తనదేనని వారం నుంచి అంటున్నాడు.

అన్నట్టే ఆ రోజు ఎక్కుడులో అందరినీ వదిలేసి ఒంటరిగా ముందుకు పోయాడు. వెనకే మా కారు. మేనేజర్ నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక సీట్లో ఒడినిండా చక్రాలతో మెకానిక్ ప్రభుదాస్. అతను తెనాలివాడు, మా తెలుగు చర్చి మనిషే.

"అక్కా, ఇవాళ మనవాడు కొట్టేశాడు! అదిగో టాప్ కనపడుతోంది, ఇంక డౌన్‌హిల్లే!" అని అరుస్తున్నాడు.

అంతలో అధికారుల రేడియోలో వార్త వచ్చింది. రస్ టైరు పంక్చరైంది, చక్రం మార్చుకునేలోగా ప్రత్యర్థులు అతన్ని వదిలేసి పోయారు. మేనేజర్ క్షణమైనా ఆలోచించలేదు. కారును డెనీ పక్కకు పోనిచ్చి, ఆగి రస్ కోసం కాచుకోమన్నాడు. ముందు ఒకడు తొక్కుతుంటే వెనకవాడికి గాలి దెబ్బ తగ్గుతుంది. కొండ మీద అలా లాక్కురాగలవాడు డెనీ ఒక్కడే.

డెనీ శిఖరం వైపు ఒకసారి చూసి, బ్రేకు వేసి, రోడ్డు పక్కన కాలు మోపాడు.

"ఏంటక్కా ఇది, నోటికాడ కూడు లాగేస్తారా ఎవరైనా?" అన్నాడు ప్రభుదాస్.

కొండ మధ్యలో ఆగినవాణ్ణి పరీక్షించడం డాక్టరు పని. దిగి అతని మణికట్టు పట్టుకున్నాను. నేను చూస్తుండగానే నాడి నెమ్మదించింది. అలసినవాడి నాడి కాదది, ఇంకో కొండ ఎక్కగలడు. సైకిలు పాడైందనుకుని, పోటీ చూస్తున్న జనం నెట్టడానికి వచ్చారు, వద్దన్నాడు. వెనకబడ్డవాళ్ళు ఒక్కొక్కరే అతన్ని దాటిపోతున్నారు. ఒకడు మాత్రం వెనక్కి తిరిగి ఏమైందని అడిగాడు.

రస్ రాగానే డెనీ అతన్ని శిఖరం దాకా లాక్కెళ్ళాడు. చివరికి మొత్తం పోటీ రస్ గెలిచాడు. నేను ఉండబట్టలేక ఎందుకు ఆగావని డెనీని అడిగితే, వచ్చే ఏడాదికి కూడా తనను ఉంచుకున్నారని, ఈ పనికేనని చెప్పాడు. ఆ తర్వాత కూడా అతను ఒక్క పోటీ గెలవలేదు.

మరుసటి ఏడాది మేనేజర్ నన్ను చేయమన్న పరీక్షే మారిపోయింది. కొండ ఎవరు ముందు ఎక్కుతారన్న ప్రశ్న పోయి, వెనకవాణ్ణి ఎంతసేపు లాగగలరన్న ప్రశ్న వచ్చింది. మిగతా జట్లు కూడా బక్కవాళ్ళను అందుకే తీసుకోసాగాయి. శరీరంలో ఎంత శక్తి ఉందో డాక్టరు చెప్పగలరు. దాన్ని ఎవరి గెలుపుకు ఖర్చు పెట్టాలో డాక్టరునూ అడగరు, ఆ శరీరం గలవాణ్ణీ అడగరు.