ముప్ఫై ఒక్క దరఖాస్తులు

కాటాల మేస్త్రికి కూర్చుంటే కాలు ఆగదు. పని ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఇరవై ఆరేళ్లు తూకం యంత్రాలు బాగుచేసిన వర్క్‌షాపు మూతపడి నాలుగు నెలలయింది. అప్పటినుంచి కుర్చీ, పక్కన బల్ల, బల్లమీది గ్లాసు అన్నీ గడగడలాడుతున్నాయి. "ఆ కాలు కాస్త ఆపండి, నాకు తల తిరుగుతోంది" అంటుంది భార్య. ఆపుతాడు. రెండు నిమిషాలకి మళ్లీ మొదలు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చున్నాడా? అబ్బే! ఎవరూ ప్రకటన ఇవ్వకపోయినా, ఎవరూ రమ్మనకపోయినా, కాటా ఉన్న ప్రతిచోటికీ దరఖాస్తు పంపాడు. బేకరీ, ఇనుప కొట్టు, మందుల గోడౌను, కిరాణా దుకాణం, మొత్తం ముప్ఫై ఒకటి. జవాబు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. పోస్టుమాన్ అయితే ఈమధ్య వీధి మొదట్లోనే తల అడ్డంగా ఊపేస్తున్నాడు, పాపం.

ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీసి చూస్తే కిరాణా దుకాణం యజమాని, చంకలో అయిదు కిలోల చక్కెర సంచి. మేస్త్రి గుండె గంతేసింది.

"మీ ఉత్తరం అందిందండీ. పిల్లలు గలవాణ్ణి. ఇది ఉంచుకుని, ఆ మాట ఇంకెక్కడా ఎత్తకండి" అని సంచి గుమ్మంలో పెట్టి, గబగబా మెట్లు దిగిపోయాడు యజమాని.

"ఏం మాటండీ అది?" అంది భార్య. మేస్త్రి బిక్కమొహం వేశాడు. ఆమె లోపలికి వెళ్లి, అతను దాచుకున్న నకలు తెచ్చి పైకి చదివింది.

"అయ్యా, మీ కాటా మీద నా కిలో రాయి పెట్టి చూశాను. ముప్ఫై గ్రాములు ఎక్కువ చూపుతోంది. నాకు ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది. చిరునామా కింద ఉంది. వెంటనే జవాబివ్వగలరు."

"అందరికీ ఇలాగే రాశారా?"

"ఇలాగే ఎందుకు రాస్తాను? ఎవరి కాటా తప్పు వాళ్లకి రాశాను. పని తెలిసినవాణ్ణని తెలియొద్దూ!"

"నా రాత! ఇది ఉద్యోగం అడగడమా, పీకమీద కత్తి పెట్టడమా? అసలు ఉద్యోగం కావాలన్న ముక్కే లేదు కదండీ ఇందులో!"

మేస్త్రి కాగితం లాక్కుని చూశాడు. నిజంగానే లేదు. ఇన్నేళ్లూ రాసినవి కాటాల తప్పుల చీటీలే మరి, చెయ్యి అలవాటుకొద్దీ అదే రాసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"సరేలెండి, చక్కెరన్నా వచ్చింది. డబ్బా ఖాళీ అయి మూడు రోజులైంది" అని ఆమె సంచి అందుకోబోయింది. మేస్త్రి ఊరుకుంటాడా! మంచం కింద నుంచి తన కాటా లాగి, సంచి దానిమీద పెట్టాడు. నూట నలభై అయిదు గ్రాములు తక్కువ.

భార్య ముల్లు వంక చూసింది. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. "నోరు మూయించడానికి ఇచ్చినదాంట్లో కూడానా! నడవండి, తిరిగి ఇచ్చేద్దాం. ఉత్తరాలు చాలు, ఈసారి నోటితో అడగండి."

సంచి వెనక్కి రావడం చూసి యజమాని మొహం పాలిపోయింది. "చాలలేదాండీ? ఇంకోటి ఇమ్మంటారా?"

మేస్త్రి సంచి కొట్టు బల్లమీద పెట్టాడు. వెనక్కి తిరిగితే భార్య కళ్లతోనే కసిరింది.

"నాకు పని కావాలండీ" అన్నాడు. ఎవరి ముందైనా ఆ మాట అనడం అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంతేనా?"

"అంతేనండీ."

యజమాని నుదురు తుడుచుకున్నాడు. "ఉద్యోగాలేం లేవండీ నా దగ్గర. ఉన్నది ఈ కాటా ఒక్కటే" అంటూ దాన్ని మెల్లగా ఇటు జరిపాడు. "ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట."

మేస్త్రి స్టూలు లాక్కుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. భార్య బల్లకిందికి వంగి చూసింది. కాలు కదలడం లేదు.

"కాస్త త్వరగా కానివ్వండి" అంది. "ఇంకా ముప్ఫై చోట్లకి వెళ్లి అడగాలి."