లారీలకు కనపడనంత దూరం

పోయిన వారం మా పాత వ్యాన్‌ను ఇక్కడ ఒమాన్‌లో, ఘాలాలో ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. కొత్తగా వచ్చిన మెకానిక్ ఒకతను, నల్గొండ వైపు మనిషి, దాని కిందకి దూరి చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. బయటికొచ్చి అరచేతిలో ఎర్రటి తుప్పు పెచ్చులు చూపిస్తూ, "అక్కా, దీన్ని సముద్రంల నడిపిండ్రా ఏంది? కిందంత ఉప్పు తినేసింది" అన్నాడు. అలాంటిదే నాయనా అన్నాను. అతను నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. గోడవారన పేర్చిన టైర్ల మీద కూర్చుని, అతను తెప్పించిన చాయ్ చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను. ఆ తుప్పు ఎక్కడిదో అతనికి చెప్పడం మొదలుపెడితే పని ఆపి వినాలి, పాపం అతని డ్యూటీ పోతుంది. అందుకని మీకు చెబుతున్నాను.

ఆ వ్యాన్ మా ఇద్దరి బతుకుతెరువు. ఇద్దరంటే నేనూ ఆపానూ. నాది గోదావరి వైపు, ఆమెది కడప. ఆపా అంటే వాళ్ళ ఇంటి ఉర్దూలో అక్క. ఆమె ఈ దేశానికి ఒక ఒమానీ ఇంట్లో వంటమనిషిగా వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే చేసింది, నేను మా ఆయన వెంట వచ్చాను. అల్ అమెరాత్‌లో పక్కపక్క వాటాల్లో చేరి, ఒకరి పోపు వాసనకి ఒకరు తుమ్ముకుంటూ, చివరికి కలిసి వండి ఘాలాలో కంపెనీ రూములకి క్యారేజీలు ఇవ్వడం మొదలుపెట్టాం. పప్పూ కూరలూ నావి, బిర్యానీ ఆమెది. బండి నడిపేది నేను, పక్కన కూర్చుని నా నడపడానికి వంకలు పెట్టేది ఆమె. నాకు రెండింతల మనిషి. బీపీ బిళ్ళలు మింగుతూనే ఉప్పు ఊరగాయ తింటుంది. నవ్విందంటే వెనకాల క్యారేజీ మూతలు గలగలమంటాయి. ఈ దేశంలో నాకు అయినవాళ్ళు ఎవరని ఎవరైనా అడిగితే, మా ఆయన ఏమనుకున్నా సరే, ముందు ఆమె పేరే చెబుతాను.

ఈ క్యాంపర్ పిచ్చి ఆమెకు ఫోన్‌లో పట్టింది. అమెరికాలో ఇద్దరు ముసలమ్మలు బండిలోనే పడకలూ పొయ్యీ పెట్టుకుని దేశమంతా ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగే వీడియోలు, మసాలా వేగుతున్నంతసేపూ చూసేది. "వాళ్ళకంటే మనకేం తక్కువ మే? వాళ్ళకు బిర్యానీ గూడా రాదు" అనేది. మూడేళ్ళ కిందట వేసవిలో, దూరాన దక్షిణపు కొండల్లో, సలాలాలో వానజల్లులు మొదలయ్యాయని కబురు రాగానే ఇక ఆగలేదు. వ్యాన్‌లోంచి క్యారేజీల అరలు పీకించి పడుకోవడానికి రెండు చెక్క బల్లలు వేయించింది, గ్యాస్ పొయ్యి బిగించింది, నీళ్ళ డబ్బా పెట్టించింది. ఎంత కడిగినా సాంబారు వాసన మాత్రం పోలేదు. "దారిలో ఏమన్నా అయితే?" అన్నారు మా ఆయన. "అయితే నేను ల్యానా భాయ్?" అంది ఆపా.

ఖురియాత్ మీదుగా సముద్రం ఒడ్డు పట్టుకుని బయలుదేరాం. మొదటి రోజంతా ఇద్దరం చిన్నపిల్లలమైపోయాం. ఒక్కటే ఇబ్బంది. ఇద్దరు ఆడవాళ్ళు రోడ్డు పక్కన బండి ఆపి పొయ్యి వెలిగిస్తే, పోయే ప్రతి లారీ నెమ్మదించేది. వాళ్ళలో చాలామందికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, బండి చెడిపోయిందేమో అనుకునేవాళ్ళే. అయినా మా ప్రాణాలు ఒప్పుకోవు. పరాయి మగాడి కంట పడకుండా తినడం, పడుకోవడం, ఒళ్ళు కడుక్కోవడం, ఇవన్నీ మాకు ఊహ తెలిసినప్పటి నుంచి అలవాటైపోయిన విద్యలు. రెండో రోజు మహూత్ అనే ఊరు దాటాక మధ్యాహ్నం అన్నానికి రోడ్డు దిగాం. "ఇంగ కొంచెం లోపలికి పోనీ మే, ఈ లారీవోళ్ళు మన కంచంలోకే తొంగి చూస్తాండారు" అంది ఆపా. నేల గట్టిగా, నున్నగా, మీద తెల్లటి పొరతో ఎంత దూరమైనా రమ్మంటున్నట్టు ఉంది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ లారీలు చీమలంత అయ్యేదాకా వెళ్ళాం. నాకూ అదే బాగుంది. అప్పుడు కింద పొర పటుక్కున విరిగి, వెనక చక్రాలు కుంగిపోయాయి.

ఆ నేలను సబ్ఖా అంటారని తరవాత తెలిసింది. పైన అట్టులా ఉప్పు, కింద బూడిదరంగు బురద. ఇసుకలో దిగబడితే టైర్లలో గాలి తీయాలని విని ఉన్నాను కనక తీశాను. అది ఇసుక కాదు కనక బండి ఇంకా దిగింది. రేసు ఇచ్చీ ఇచ్చీ ఇంజన్ కాగి ఆగిపోయింది, దాంతో ఏసీ కూడా పోయింది. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఆపా అన్నం పళ్ళెం తీసుకుని చక్రాల దగ్గర తవ్వడం మొదలుపెట్టింది. ఇక చాలు, నీడలోకి వచ్చెయ్ ఆపా అంటే వినదు. "నువ్వు స్టీరింగు చూస్కో, గుంత సంగతి నేను చూస్కుంటా." గాలిలో ఎండా, తేమా రెండూ కలిసి ఒళ్ళు ఉడికిపోతోంది. కాసేపటికి పళ్ళెం కింద పెట్టి, తల పగిలిపోతాంది అంటూ బండి వారగా కూలబడింది. నీళ్ళు తాగిస్తే కక్కేసింది. ముఖం ఎర్రగా కందిపోయింది. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది, ఒక్క చెమట చుక్క లేదు. "అమ్మీ, పానీ గరమ్ హై" అంటూ ఎప్పుడో పోయిన వాళ్ళమ్మతో మాట్లాడడం మొదలుపెట్టింది. నేనెవరో ఆమెకు తెలియలేదు.

అంత భయం నా జన్మలో ఎరగను. ఆమె నా కళ్ళముందే పోతుందని నాకు తెలిసిపోయింది. లారీలు కనిపిస్తూనే ఉన్నాయి, అదే దారుణం. ఒకదాని వెనక ఒకటి, అంత దూరాన, తీరిగ్గా పోతున్నాయి. చున్నీ లాగి ఊపాను. జుట్టు విరబోసుకుని, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఏ కళ్ళకి కనపడకూడదని అంత దూరం వచ్చామో, ఆ కళ్ళలో ఒక్క జత ఇటు తిరిగితే చాలని ప్రతి లారీనీ వేడుకున్నాను. రోడ్డు దాకా నడుద్దామని బయలుదేరితే ప్రతి అడుగుకీ కాలు దిగబడింది. వెనక్కి తిరిగి చూస్తే ఆపా నీడలోంచి ఎండలోకి ఒరిగిపోయి ఉంది. వెళితే ఆమె ఒంటరిగా పోతుంది, వెళ్ళకపోతే నేను చూస్తుండగా పోతుంది. తిరిగొచ్చి, ఆమెను నీడలోకి ఈడ్చి, తల ఒళ్ళో పెట్టుకుని, ఉన్న నీళ్ళతో చున్నీ తడిపి ఒళ్ళంతా తుడుస్తూ ఏడ్చాను. ఆమెను తిట్టాను, నన్ను తిట్టుకున్నాను. అమెరికాలో ఎక్కడో హాయిగా ఉన్న ఆ ముసలమ్మలను కూడా వదల్లేదు.

ఏడుపు అయిపోయాక పొయ్యి గుర్తొచ్చింది. స్టెప్నీ టైరు విప్పి, బండికి దూరంగా దొర్లించుకెళ్ళి, మా దుప్పట్లు దాని చుట్టూ కుక్కి, పూరీల కోసం తెచ్చిన నూనె డబ్బా మొత్తం గుమ్మరించి అంటించాను. ముందు దుప్పట్లు మండాయి. చాలాసేపటికి టైరు అంటుకుంది. నల్లటి పొగ నిటారుగా లేచింది. రోడ్డు మీద లారీ ఒక్కటీ ఆగలేదు. సాయం సముద్రం వైపు నుంచి వచ్చింది. అక్కడివాళ్ళకు తెలిసిన గట్టి దారిలో ఒక పికప్ వచ్చి ఆగింది, గడ్డం నెరిసిన ముసలాయన, బదూ అనే ఎడారి జాతి మనిషి, దిగాడు. చేపలు పట్టేవాడు. ఆపాను ఒక్క చూపు చూసి, మళ్ళీ వెనక్కి పరిగెత్తాడు. పారిపోతున్నాడనుకుని కేక పెట్టాను. చేపల ఐసు పెట్టె భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. దాన్ని నా పక్కన దించి, ఆమె బట్టలు వదులు చెయ్యమని సైగ చేసి, చప్పున మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

మెడ కింద, చంకల్లో, పొట్ట మీద గుప్పిళ్ళతో ఐసు పెట్టాను. చేపల కంపు, పొలుసులు, అన్నీ ఆమె ఒంటికే. ఆయన అలా వీపు తిప్పి నిలబడే, ఆచారం ప్రకారం కుశలం అడగడం మొదలుపెట్టాడు. ఎలా ఉన్నారు, ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారు, షీ ఉలూమ్? ఏమైనా కబురుందా అని దానర్థం. ఇక్కడ ఎవరు ఎదురైనా ముందు అదే అడుగుతారు. కబురంటే ఇది కాదా ముసలాడా, నా మనిషి చచ్చిపోతోంది అని తెలుగులోనే అరిచాను. ఆయన శాంతంగా మళ్ళీ అడిగాడు, "షీ ఉలూమ్?" అప్పుడు నా చేతుల కింద ఆపా పెదవులు కదిలాయి. ఒమానీ ఇంట్లో అన్నేళ్ళు వచ్చేపోయేవాళ్ళకి చెప్పీ చెప్పీ అలవాటైన జవాబు, కళ్ళు తెరవకుండానే, గొణిగింది. "మా షీ ఉలూమ్." కబుర్లేమీ లేవు. ముసలాయన వీపు ఒక్కసారి కదిలింది, "అల్‌హమ్దులిల్లా" అన్నాడు. నేను ఆ ఐసులో ముఖం పెట్టి భోరుమన్నాను.

ఆమె బల్లనే ఊడదీసి, దాని మీద ఆమెను మోసుకెళ్ళి పికప్‌లో వేశాం. ఊళ్ళో ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. మర్నాడు కళ్ళు తెరిచి, "ఈ చేపల వాసన ఏంది మే, అన్నానికి ఏం చేసినావు?" అంది. రోడ్డు దిగేముందు దాకానే ఆమెకు గుర్తుంది. ముసలాయన కొడుకులు చెక్కలు వేసి బండి లాగిపెట్టారు. డాక్టరు వెళ్ళొచ్చని చెప్పాక, నేనెంత వద్దన్నా వినకుండా సలాలా దాకా పోదామంది. అక్కడ పచ్చటి కొండల మీద, మంచుతుంపరలో, చేతులు చాపి నిలబడి నవ్వింది. అందరూ కొండలను చూస్తున్నారు, నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ ఎవరడిగినా, తన బతుకులో అంత హాయైన ప్రయాణం లేదని చెబుతుంది. రెండుసార్లు జరిగింది చెప్పాను. ఎవరి కథో విన్నట్టు విని, "పాపం, శానా భయపడినావు గదా మే" అని నన్నే ఓదార్చింది. ఇక చెప్పడం మానేశాను. ఆమె బతుకులోంచి జారిపోయిన ఆ పగలు ఎక్కడికీ పోలేదు, నా లెక్కలోకి వచ్చి చేరింది. నోటితో ఆపా అనే పిలుస్తున్నాను కానీ, అప్పటి నుంచీ మా ఇద్దరిలో పెద్దదాన్ని నేనే.