మా ఆయన చెంపలు, మా నాన్నగారి బ్లేడు

ఆడదాన్నయ్యుండి బ్లేడ్ల గురించి ఇంత తెలియడమేంటని మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీండి. తొంభైల చివర్లో ఒక ఎండాకాలమంతా అమలాపురంలో దొరికే బ్లేడన్న బ్లేడల్లా మా ఇంట్లోకి వచ్చింది. వాటిల్లో ఏది మంచిదో తేల్చుకోలేక నాకు కంటి మీద కునుకుండేది కాదు. గడ్డం గీయాల్సింది మా నాన్నగారికి మరి.

నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయేయి, మూతి ఓ పక్కకి జారింది. అమ్మ అంతకుముందే పోయింది, నేనొక్కత్తినే కూతుర్ని. కొత్తపేట దగ్గర మా ఊరి నుంచి టాక్సీలో పడుకోబెట్టి అమలాపురం మా ఇంటికి తీసుకొచ్చేసేం. మాట కూడా పోయింది. పూర్తిగా పోలేదు లెండి, ఒక్క మాట మిగిలింది. "ఆయ్." మా వైపు ఎవరేం చెప్పినా ముందు నోట్లోంచి వచ్చే మాట అదే కదా, అదొక్కటీ ఆయన నాలిక మీద ఉండిపోయింది. "అన్నం తింటారా నాన్నగారూ?" అంటే "ఆయ్." "వద్దా?" అంటే "ఆయ్." "నొప్పిగా ఉందా?" "ఆయ్." "నొప్పి లేదు కదా?" "ఆయ్." ఏది అవునో ఏది కాదో కళ్ళు చూసి పోల్చుకోవాలి. ఆ కళ్ళేమో ఆయన నా వైపు ఎత్తేవారే కాదు. కూతురింటికొస్తే మంచినీళ్ళు తాగి, పూట గడవకుండా వెళ్ళిపోయే మనిషి ఆయన. అల్లుడింట్లో మంచం మీద పడి ఉండడమంటే ఆయనకి చచ్చేంత సిగ్గు.

నాన్నగారు రోజూ గడ్డం గీసుకునేవారు. కాఫీ ఆలస్యమైనా ఊరుకునేవారు గానీ, గడ్డం ఆలస్యమైతే ఊరుకునేవారు కాదు. అమ్మ పోయినప్పుడు కర్మ అయ్యేవరకూ పెంచేరు, అంతే. అలాంటాయనకి మా ఇంటికొచ్చేక తెల్లగా, కొబ్బరిపీచులా గరగరలాడుతూ గడ్డం లేచింది. సెలూన్ నుంచి ఒకతన్ని పిలిపించేం. మంచి చెయ్యే అతనిది. కానీ నాన్నగారి కుడి చెంప వదులైపోయి, దవడ కింద చర్మం మడతపడిపోయింది. అక్కడ తెగింది. చిన్న గాటే. మీకూ నాకూ అయితే కాస్త పటిక రాస్తే ఆగిపోయేదే. నాన్నగారు రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు కదా, అది ఆగదే! ఒక తువ్వాలు తడిసింది, ఇంకో తువ్వాలు తడిసింది. మధ్యాహ్నానికి గానీ కట్టలేదు. పాపం ఆ సెలూనతను చేతులు జోడించి, "నన్ను మళ్ళీ పిలవకండమ్మా, నాకు భయమేస్తుందండీ" అని వెళ్ళిపోయేడు. డాక్టరుగారైతే నన్ను కేకలేసేరు. "గడ్డం పెరిగితే ప్రాణం పోదమ్మా. రక్తం ఆగకపోతే పోతుంది" అన్నారు.

ఆయన అన్నది నిజమే గానీ, మా ఇంట్లో జరిగింది వేరు. జారిన మూతి పక్క నుంచి మెతుకులు గడ్డంలోకి జారేవి. పప్పు, మజ్జిగ వెంట్రుకలకి పట్టేసేవి. నేను తడిగుడ్డ పెట్టి తుడుస్తుంటే నాన్నగారు కళ్ళు మూసుకునేవారు. ఎవరైనా చూడ్డానికొచ్చి, "అయ్యో, గడ్డం పెంచేసేరేంటండీ" అంటే గోడ వైపు తిరిగిపోయేవారు. మెల్లిగా నోరు తెరవడం మానేసేరు. ముద్ద పెదాల దాకా తీసికెళ్తే "ఆయ్" అంటారు, నోరు మాత్రం తెరవరు. కాస్త జావ లోపలికి వెళ్తే అదే గొప్ప. పోనీ కత్తెరతో కత్తిరిద్దామని కూర్చుంటే ఎడం చేత్తో నా చెయ్యి తోసేసేరు. గీస్తే రక్తం, గీయకపోతే అన్నం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మనిషి నా కళ్ళముందే ఎండిపోతున్నారు.

"నేనే గీస్తాను" అన్నాను మా ఆయనతో.

మా ఆయన కోర్టులో గుమాస్తా. మాటల మనిషి, మహా సుకుమారం. కాల్లో ముల్లు గుచ్చుకుంటే వీధి వీధంతా లేపేసే రకం. "నువ్వా? బెండకాయలు తరగమంటే వేలు తరుక్కుంటావు కదే!" అన్నారు.

"అందుకే ముందు మీకు గీస్తాను."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయేరు. వెళ్ళి పెరట్లో నూతి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. నాన్నగారి మంచం వీధి వసారాలో ఉండేది. అక్కడికి పెరడు కనిపించదు.

నాన్నగారి షేవింగ్ సెట్టు ఇత్తడిది. పిడి మెలి తిప్పితే పైన రెండు రేకులు తలుపుల్లా తెరుచుకునేవి, మధ్యలో బ్లేడు పెట్టాలి. ముందు ఆయన పెట్టెలో ఉన్న బ్లేడ్లతోనే మొదలెట్టేను, మా ఊరి కిరాణా కొట్లో దొరికేవి. నా తల్లే, అవి వెంట్రుకని కొయ్యవు, పీకుతాయి. "గడ్డం గీస్తున్నావా, కలుపు తీస్తున్నావా?" అని మా ఆయన ఒకటే గోల. అసలు సెట్టు చెంపకి తగలకముందే "చచ్చేనే!" అని అరిచేవారు. ఆ అరుపుకి నా చెయ్యి వణికేది, వణికితే నిజంగానే తెగేది.

తర్వాత గడియారస్తంభం దగ్గర ఫేన్సీ షాపుకెళ్ళి స్టెయిన్‌లెస్ బ్లేడ్లడిగేను. "సారుకాండీ?" అన్నాడు షాపతను. "కాదండీ, నాకే" అన్నాను చిరాకొచ్చి. అతను గబగబా పొట్లం కట్టిచ్చేడు. ఆ బ్లేడు చెంపల మీద బాగానే నడిచింది గానీ, గడ్డం ఒంపు దగ్గర రెండు చోట్ల కోసింది. ఆయన గాట్ల మీద పేపరు ముక్కలు అంటించుకుని కోర్టుకెళ్తే, "ఇంట్లో పిల్లిని పెంచుతున్నారాండీ?" అని అడిగేరట అక్కడ. "ఆయ్, గోళ్ళు బాగా పెరిగేయండీ" అన్నారట ఈయన.

అప్పుడే మా పక్కింటావిడ మొగుడు మస్కట్ నుంచి వచ్చేడు. సబ్బులూ, సెంట్లూ, వాటితోపాటు ఫారిన్ బ్లేడ్లూ తెచ్చేడు. ఆవిడ ఒక పేకెట్టు నాకిచ్చింది. దాంతో గీస్తుంటే మా ఆయన కిక్కురుమనలేదు! వెన్న మీద చెంచా వెళ్ళినట్టు వెళ్ళింది. అమ్మయ్య, దొరికేసిందిరా భగవంతుడా అనుకున్నాను. నురగ తుడిచి చూద్దును కదా, గొంతు మీద ఎర్రగా మూడు గీతలు. "తెగినట్టే తెలీలేదే, ఏం బ్లేడే ఇది!" అని ఆయన మెచ్చుకుంటున్నారు. ఊరికే అరిచే మనిషికే తెలియకపోతే, తెగినా తెగకపోయినా "ఆయ్" అనే మనిషికి తెగితే నాకెలా తెలుస్తుంది? ఆ పేకెట్టు తీసికెళ్ళి అటక మీద పడేసేను.

టీవీలో చూపించే రెండు బ్లేడ్ల ప్లాస్టిక్ సెట్టు కూడా అయింది. అది తెగదు, నిజమే. కానీ నాలుగు గీతలకే సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుని మొరాయించేది. ఇహ నాన్నగారి పీచు గడ్డం ముందు అదేం నిలబడుతుంది? మళ్ళీ ఇత్తడి సెట్టులో కొత్త స్టెయిన్‌లెస్ బ్లేడే పెట్టేను, అది మళ్ళీ కోసింది.

వీటికి తోడు నా చాదస్తం ఒకటి. మంగళవారం, శుక్రవారం గడ్డం మీద బ్లేడు పెట్టకూడదు. దానికి నేను అమావాస్యని కలిపేను, నాన్నగారు పుట్టిన వారాన్ని కలిపేను. "ఇంకో రెండు రోజులు కలుపు, మావయ్యగారు తపస్సుకి కూర్చోవచ్చు" అన్నారు మా ఆయన. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ రోజు నాన్నగారు జావ కూడా ముట్టలేదు. నేనలా నూతి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "జాకెట్టు కుట్లు విప్పుకోవాలండీ, పాత బ్లేడుంటే ఒకటిస్తారా?" అంది. గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు! కోపంగా లేచి ఒక బ్లేడు తీసి ఇచ్చేసేను.

అదే నాకు కలిసొచ్చింది. ఆ కంగారులో పాతదనుకుని నేనిచ్చింది కొత్తది. సెట్టులో అంతకుముందు వాడిన స్టెయిన్‌లెస్ బ్లేడే ఉండిపోయింది. మర్నాడు చూసుకోకుండా దాంతోనే మా ఆయనకి గీసేను. ఆయన అరవలేదు. వెంటనే తుడిచి చూసేను, ఎర్రదనం లేదు. వెల్తురులోకి తిప్పి చూసేను, దవడ కింద వేలు పెట్టి చూసేను, ఎక్కడా లేదు. "ఏ బ్లేడే ఇది?" అన్నారు. "మొన్న మిమ్మల్ని కోసిందే" అన్నాను.

నమ్మకం చిక్కక మళ్ళీ చేసి చూసేను. కొత్తది పెడితే కోసింది, దాన్నే రెండోసారి వాడితే బుద్ధిగా నడిచింది. అప్పుడర్థమైంది నాకు. కొత్త బ్లేడు కొత్తల్లుడిలా మిడిసిపడుతుంది, ఒక గడ్డం చూసేక దారికొస్తుంది. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అయితే మొదటి కోత నాకూ, రెండోది మావయ్యగారికీనా?"

"ఆయ్" అన్నాను, ఏమంటారోనని భయపడుతూనే.

ఆయన స్టూలు నూతి దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. "సరే, కొత్తది తియ్యి" అన్నారు. ఆ వేళ రెండు చోట్ల తెగింది.

మర్నాడు ఆదివారం. ఆ బ్లేడుని గిన్నెలో నీళ్ళు పోసి సలసలా మరిగించేను. ఎయిడ్స్ భయంతో సెలూన్లలో జనం కొత్త బ్లేడు వేస్తేనే గానీ తల వంచని రోజులవి, ఇంట్లోవాళ్ళదే అయినా నాకు భయం. నాన్నగారిని దిళ్ళకి ఆనించి కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళ గుడ్డ అద్ది, సబ్బు నురగ పట్టించేను. సెట్టు చేతిలోకి తీసుకున్నాను. ఎడం చెంప అయింది. కుడివైపుకొచ్చేసరికి చర్మం సెట్టుతోపాటే జారిపోతోంది. ఒక చేత్తో సాగదీసి పట్టుకోవాలి, పట్టుకుంటే నా చెయ్యే నాకడ్డం. పై పెదవి మీద గీయాలంటే ముక్కు పట్టుకుని పైకెత్తాలి. కన్నతండ్రి ముక్కు పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మావగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎరగరు, ఏం మాట్లాడినా గుమ్మంలోంచే. అలాంటాయన లోపలికొచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. "ఏమనుకోకండి మావయ్యగారూ, ముక్కు పట్టుకుంటున్నానండీ" అన్నారు. రెండు వేళ్ళతో ముక్కు ఎత్తేరు, రెండో చేత్తో దవడ కింద చర్మం బిగించేరు. నేను గీస్తున్నాను. ప్రతి గీతకీ ఆగి నురగ చూసుకుంటున్నాను. తెల్లగానే ఉంది. ఆ మడత కూడా దాటేను. అప్పటికీ తెల్లగానే ఉంది. మొహం కడిగి మెత్తటి తువ్వాలు అద్దితే అది కూడా తెల్లగానే వచ్చింది.

నాన్నగారు ఎడం చెయ్యెత్తి చెంప తడుముకున్నారు. కళ్ళెత్తేరు. ఎదురుగా, జానెడు దూరంలో అల్లుడి మొహం. చెంపల నిండా గాట్లు, పాతవి కొన్ని, నిన్నటివి రెండు, ఒకదాని మీద ఇంకా పేపరు ముక్క. ఆయన అది చూసేరు, నా చేతిలో సెట్టు చూసేరు, మళ్ళీ ఆ మొహం చూసేరు. చెయ్యి చాపి పళ్ళెంలో పటిక బిళ్ళ చూపించేరు.

"అయ్యో! ఎక్కడ నాన్నగారూ, ఎక్కడ తెగింది?" గడ్డం ఎత్తి చూస్తున్నాను, చెవి కింద చూస్తున్నాను. ఆయన నన్ను పక్కకి తోసేసి, పటిక తనే అందుకుని, మగ్గులో ముంచి, ఎడం చేత్తో మా ఆయన చెంప మీద పెట్టి రాయడం మొదలెట్టేరు. ఒక గాటు తర్వాత ఒక గాటు, దేన్నీ వదలకుండా. పచ్చి గాటు మీద పటిక ఎలా మండుతుందో నాకు తెలుసు. ఇప్పుడరుస్తారు, ఇప్పుడరుస్తారు అని చూస్తున్నాను.

"ఆయ్?" అన్నారు నాన్నగారు. అడిగేరు. అన్నాళ్ళలో ఆ మాటతో ఆయన ఒకరిని ఏదైనా అడగడం అదే మొదలు.

"ఆయ్, మావయ్యగారూ" అన్నారు మా ఆయన. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, కదల్లేదు, అరవలేదు. పటిక రాయడం అయ్యేక నా వైపు తిరక్కుండానే, "అన్నం కలుపుకురావే" అన్నారు.

పప్పూ అన్నం మెత్తగా కలిపి పట్టుకొచ్చేను. ఆయన కంచం నా చేతిలోంచి తీసుకుని, మంచం మీద మావగారి పక్కనే కూర్చున్నారు. ఇంకా ముద్ద చెయ్యనేలేదు, నాన్నగారు నోరు తెరిచేరు.