ఇంజను ఏలూరు వెళ్లిన ఏడాది

ఈమధ్య మా అపార్టుమెంటు కింద ఎవరో స్కూటర్ల రిపేరు షాపు పెట్టారు. పొద్దున్న పది దాటేసరికి ఆ షాపాయన రేకు పళ్లెంలో కిరసనాయిలు పోసుకుని ఇనప సామాన్లు కడగడం మొదలుపెడతాడు. తడిసిన ఇనుమూ, కాలిన ఆయిలూ, గ్రీజూ కలిసిన ఆ వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చి నా గదిలో కూర్చుంటుంది. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ వేసేస్తుంది. ఆవిడ అటు వెళ్లగానే నేను లేచి మళ్లీ తీస్తాను. ఏలూరులో కాపురముండి యాభై ఏళ్లయినా, ఆ వాసన తగిలితే నేను తాడేపల్లిగూడెంలో, తొమ్మిదేళ్ల పిల్లనై, సూరన్న షాపు ముందు నిలబడి ఉంటాను.

యాభైల్లో మా గూడెం అంటే బస్తాల ఊరు. మా నాన్నగారిది బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. వేసవి వస్తే కొట్లో బెల్లం దిమ్మలు చెమర్చి, గోనెలు తడిసి, గుమాస్తాల చొక్కాలూ మా జడలూ కూడా తియ్యటి వాసన వేసేవి. వానాకాలంలో అదే కొట్టు పులిసిన వాసన వేసేది. మెట్ట సరుకు కోసం నాన్న జంగారెడ్డిగూడెం, చింతలపూడి, కామవరపుకోట తిరగాలి కాబట్టి ఒక జమీందారుగారి బంధువుల దగ్గర పాత నల్ల కారు కొన్నారు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గాని లేచేది కాదు. కానీ దాని అసలు పని సరుకు బేరాలు కాదు. అమ్మకి ఉబ్బసం. మంచు రోజుల్లో ఆయాసం ముంచుకొస్తే, దిళ్లకి చేరగిలబెట్టి, ఆ కార్లోనే ఏలూరు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లేవారు. దారిపొడుగునా నాన్న ఒక చెవి అమ్మ ఊపిరికీ, ఒక చెవి ఇంజనుకీ ఇచ్చి కూర్చునేవారు.

ఆ కారుని బతికించినవాడు సూరన్న. యుద్ధం రోజుల్లో మా ఊళ్లో విమానాలు దిగడానికి సిమెంటు రన్‌వే వేసినప్పుడు, అక్కడ కూలికి చేరి, మిలట్రీ మెకానిక్కుల వెనకాల తిరిగి పని నేర్చుకున్నాడట. వాళ్లు వెళ్లిపోయాక ఒక పాత లేతు మిషను సంపాదించి, స్టేషను రోడ్డులో రేకుల షెడ్డు వేశాడు. అరిగిన బేరింగులో లోహం కరిగించి పోసి, చేత్తో గీకి, వేలి కొనతో తడిమి, మళ్లీ ఒక్క పిసరు గీకి, నాన్నని పిలిచి "ఇప్పుడు తిప్పండి షావుకారు గారండీ" అనేవాడు. ఆయన పనిచేస్తుంటే మేం పిల్లలం కూడా మాట్లాడేవాళ్లం కాదు. పని అయ్యాక మా పెరటి గుమ్మం దగ్గర కూర్చుని, అమ్మ ఇచ్చిన అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ చెంబు ఎత్తి గటగటా తాగేవాడు. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని.

ఆయన కూతురు మంగ నా ఈడుది. మిగతా పిల్లలు చింతగింజలతో వామనగుంటలు ఆడితే, మేమిద్దరం పాత బేరింగుల్లోంచి తీసిన ఉక్కు గుళ్లతో ఆడేవాళ్లం. గుంటల్లో పడ్డప్పుడు అవి చేసే చప్పుడు వేరు. అట్లతద్దికి ఇంకా తెల్లవారకుండానే మంగ మా వీధిలోకొచ్చి "ఒసేయ్ కాంతం, లేవ్వే" అని కేకేసేది. ఇద్దరం గోంగూర పచ్చడి, గడ్డపెరుగు వేసుకుని అన్నం తిని ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేవాళ్లం. నాకు అక్కచెల్లెళ్లు లేరు. మంగే అన్నీ.

ఆ ఏడు వానల్లో కారు వెనక నీలం పొగ మొదలైంది. ఆయిలు ఎంత పోసినా తాగేసేది. "బోరుకొచ్చిందండీ" అన్నాడు సూరన్న. అంటే లోపల పిస్టన్లు ఆడే గొట్టాలు అరిగి సొట్టపోయాయనీ, వాటిని మిషను మీద మళ్లీ గుండ్రంగా తొలిపించి, ఇంజను మొత్తం విప్పి కట్టాలనీ. చలికాలం లోపల అయిపోవాలి. అమ్మ సంగతి అందరికీ తెలుసు.

నాన్న తొందరపడే మనిషి కాదు. కాఫీ హోటలు దగ్గర లారీ డ్రైవర్లని కూర్చోబెట్టుకుని, ఎవరు కట్టిన ఇంజను రెండు వర్షాకాలాలు దాటినా పొగ వదలకుండా ఉందో అడిగారు. అందరూ ఏలూరులో కాలవ ఒడ్డున మూడేళ్ల కిందట పెట్టిన ఒక వర్క్‌షాపు పేరు చెప్పారు. ఒకరోజు నన్నూ తీసుకుని అక్కడికి వెళ్లారు. నేల సిమెంటుతో నున్నగా ఉంది. ఏ ఇంజను సామాను ఆ చెక్కపెట్టెలో, పైన పేరు రాసిన చీటీతో ఉన్నాయి. నాన్న చొక్కా చేతులు మడిచి, తొలిచిన గొట్టంలో వేలు పెట్టి గోటితో గీసి చూశారు. కిందటేడు అక్కడే కట్టిన ఇంజను ఉన్న లారీ ఎక్కి, వంతెన దాకా వెళ్లి వచ్చారు.

మర్నాడు సూరన్నే ఇంటికొచ్చాడు. "మా షెడ్డులో బోరింగు మిషను లేదు కదండీ. అదొక్కటీ ఏలూరులో చేయించండి. బేరింగులూ, బిగింపూ నేను చేత్తానండీ. దాని గుణం నాకు తెలుసు గదండీ" అన్నాడు.

నాన్న మొహం తేటపడింది. "నేనూ అదే అనుకున్నాను సూరన్నా. అలాగే కానిద్దాం" అన్నారు.

తర్వాత దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు సూరన్న షెడ్డు కడిగి, లేతుకి బంతిపూల దండ వేసి, సుత్తులూ రెంచీలూ చాప మీద వరసగా పేర్చి ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకం బొట్టు పెట్టేవాడు. బూరెలూ పులిహోరా వచ్చినవాళ్లందరికీ పంచేవారు. ఆ ఏడు బొట్లు మంగ పెడుతోంది. "మావయ్య పెట్టడేమే?" అన్నాను. మంగ నన్ను షెడ్డు వెనక్కి లాక్కెళ్లింది.

"నాన్న చేతులు వణుకుతున్నాయే. బొట్టు పెడితే చెదిరిపోతోంది. అమ్మకి కూడా చెప్పొద్దన్నాడు. ఎవరికీ చెప్పకే. ఒట్టెయ్యి" అంది. వేశాను. చేతిలో ఉన్న బూరె కింద పెట్టి మరీ వేశాను.

ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. కార్తీక మాసం మొదట్లో, మధ్యాహ్నం, నాన్న భోజనం చేస్తున్నారు. అమ్మ ఆ పూట రెండుసార్లు గోడ పట్టుకుని ఆగి, ఊపిరి కూడదీసుకుని వడ్డించింది. నాన్న ఇంజను గురించి అమ్మతో మాట్లాడుతున్నారు. పెద్దవాళ్ల మాటల్లో నాకూ ఏదో తెలుసని చూపించుకోవాలనిపించింది. "సూరన్న మావయ్య చేతులు వణుకుతున్నాయి నాన్నా" అన్నాను.

నాన్న ముద్ద కలపడం ఆపేశారు. "నీకెవరు చెప్పారు?" అన్నారు. "మంగ" అన్నాను. ఆయన అమ్మ వైపు ఒకసారి చూసి, చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

ఇంజను మొత్తంగా ఏలూరు వెళ్లడం ఖాయమైంది. దాన్ని కార్లోంచి దింపే కిటుకు సూరన్నకి తప్ప ఎవరికీ తెలియదు. అందుకని ఆయన్నే పిలిచారు. వచ్చాడు. గొలుసులు కట్టించి, దగ్గరుండి దింపించి, బోల్టులన్నీ గుడ్డ మూటలు కట్టి ఏది ఎక్కడిదో చెప్పాడు. మంగా నేనూ అరుగు మీద నిలబడి చూస్తున్నాం. ఇంజను లారీ మీదకి ఎక్కించాక నాన్న ఆయన దగ్గరగా వెళ్లి మెల్లగా అన్నారు.

"ఏవనుకోకు సూరన్నా. చేతులు బాగుండటం లేదట కదా. డాక్టరుగారికి చూపిద్దాం, నాతో ఏలూరు రా."

సూరన్న తలతిప్పి మంగని చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉన్నా బాగుండేది. మంగ నన్ను చూసింది. నేను లారీని చూస్తూ నిలబడ్డాను. ఆయన తలపాగా విప్పి రెండు చేతులకీ చుట్టుకుని, కూతురిని వెంటబెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ రోజు మజ్జిగ తాగలేదు.

షావుకారుగారే తన ఇంజను సూరన్నకి ఇవ్వలేదన్న మాట ఊరంతా పాకింది. పని ఇచ్చే బియ్యం మిల్లుల వాళ్లు రావడం తగ్గించారు. తర్వాత లారీల వాళ్లూ అంతే. నాన్న కబురు చేస్తే, "పరవాలేదండీ" అని తిరుగు కబురు పంపేవాడు. మరుసటి వానాకాలానికి లేతు అమ్మేసి, సంసారంతో కొల్లేటి అంచున బావమరిది ఊరు వెళ్లిపోయాడు. వాళ్లు చేపలు పట్టుకుని బతికేవాళ్లు. వెళ్లేముందు మా ఇంటికి రాలేదు.

ఏడాది తిరిగాక నాన్న ఉండబట్టలేక నన్ను తీసుకుని కారులో బయల్దేరారు. ఆకివీడు దాటాక రోడ్డు సన్నబడి, రెండు వైపులా తుంగా, నీళ్లూ, నీళ్ల మీద లెక్కలేనన్ని పిట్టలూ కనిపించాయి. ఎండు చేపల వాసన ముందు వచ్చి, తర్వాత ఊరు వచ్చింది. కారు చప్పుడు ఎంత దూరం నుంచి విన్నాడో, సూరన్న గట్టు మీదకి వచ్చి నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చేతులు ఇప్పుడు దాచుకోవడం లేదు. అవి వాటంతట అవే కదులుతున్నాయి. నాన్న ఇంజను ఆపబోతే, "ఉండనివ్వండి" అని, పక్కన గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"బాగా కుదిరిందండీ. ఏలూరోళ్లు బాగా కట్టారు. నేను చేసుంటే ఇంత రాదండీ" అన్నాడు.

నాన్న స్టీరింగు పట్టుకుని తల వంచుకున్నారు. ఆయన కళ్లు తుడుచుకోవడం అంతకు ముందు నేను చూడలేదు.

మంగ ఇంటి వెనక చాప మీద చేపలు తిరగేస్తోంది. పరిగెత్తుకుంటూ వెళ్లాను. నన్ను చూసి లేచి, చేతులు పరికిణీకి తుడుచుకుని, పీట వాల్చింది.

"బాగున్నారాండీ? కూర్చోండి" అంది.

తిట్టి ఉంటే ఏడ్చి బతిమాలుకునేదాన్ని. ఆ అండీ విన్నాక, పీట మీద కూర్చుని, ఆమె తెచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఆ ఇంజను ఒక్కనాడూ దారిలో ఆగలేదు. ఎన్నో చలికాలాలు అమ్మని ఏలూరు చేర్చింది. నాన్న నిర్ణయం సరైనదే. ఒక్కసారైనా ఆగిపోయి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేదేమోనని ఎన్నోసార్లు అనుకుని, వెంటనే అమ్మ గుర్తొచ్చి చెంపలేసుకున్నాను.

ఇప్పుడు గూడెంలో ఆ షెడ్డు చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. చేత్తో బేరింగు గీకే మనిషి కాగడా పెట్టి వెతికినా దొరకడు. కిందటేడు మా అబ్బాయిని బతిమాలి కొల్లేటి ఊరు తీసుకెళ్లమన్నాను. తుంగ లేదు, పిట్టలు లేవు, కంటికి ఆనినంత మేర చేపల చెరువుల గట్లే. ఒక ముసలావిడ చాలాసేపు ఆలోచించి చెప్పింది. సూరన్న అక్కడికి వచ్చిన మూడో ఏడే పోయాడట. మంగని కృష్ణాజిల్లా వైపు ఎక్కడికో ఇచ్చారట, ఆ తర్వాత రాకపోకలు లేవట.

"వాళ్లకి మీరేవవుతారండీ?" అని అడిగింది.

ఏమవుతానో చెప్పలేక, "గూడెం వాళ్లమండీ" అన్నాను.