సత్తార్ భాయ్ మాటల పెట్టె

దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. మీ అందరికీ కనపడే దయ్యం నా జోలికెందుకు రాదయ్యా అని దెప్పేవాణ్ణి. మా చర్చిలో ఎవరైనా అలాంటి సాక్ష్యం మొదలెడితే లేచి బయటికొచ్చేసేవాణ్ణి కూడా. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా చెవులతో నేను విన్నది. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

విజయవాడలో అంధుల బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది మంగళగిరిలో. బళ్ళో ఉన్నప్పుడు ఎవరో దానమిచ్చిన మాటల పెట్టె ఒకటి నా చేతికొచ్చింది. ఇటుకంత ఉంటుంది. ముందు స్పీకరు, వెనక స్విచ్చి. కంప్యూటర్ పంపిన అక్షరాల్ని పైకి చదువుతుంది. ఇవాళ ఫోన్లు ఇంతకన్నా తియ్యగా చదువుతాయి, ఒప్పుకుంటాను. కానీ నా చెవి ఈ ముక్కు గొంతుకే అలవాటుపడింది.

తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసింది. ఇన్నేళ్ళూ దాన్ని బతికించింది మేమిద్దరం. లోపలి వైర్లూ కండెన్సర్లూ సత్తార్ భాయ్ చూసేవాడు. చల్లపల్లి మనిషి, వన్‌టౌన్‌లో రేడియోల రిపేరు షాపు. కంప్యూటర్ పని నాది. లైనక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఇలాంటి పాత పెట్టెలతో మాట్లాడే ప్రోగ్రాం ఒకటుంది. ఉచితం, ఎవరైనా దిద్దుకోవచ్చు. ఇంగ్లీషు తప్ప రాని పెట్టెకి దాంతోనే తెలుగు పలికించాను. తెలుగు అక్షరాల్ని పెట్టెకి అర్థమయ్యే శబ్దాలుగా మార్చేది కంప్యూటరే. తీగ పీకేస్తే పెట్టెకి తెలుగు రాదు. ఇది గుర్తుంచుకోండి.

భాయ్‌కి గొంతు క్యాన్సరొచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడకి కన్నం పెట్టి గొట్టం అమర్చారు, ఊపిరి దాంట్లోంచే. మాట పోయింది.

మా ఇద్దరి పరిస్థితి చూడండి. ఆయన రాసి చూపిస్తే నేను చదవలేను. సైగ చేస్తే నాకు కనపడదు. ముప్పై ఏళ్ళు రోజూ వాదించుకున్న మనుషులం, పక్కపక్కన కూర్చుని ఒక్క మాట అనుకోలేకపోయాం. ఆ మొదటిరోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

మర్నాడు నా పెట్టె, ఒక చిన్న కంప్యూటరు ఆస్పత్రికి పట్టుకెళ్ళాను. భాయ్ టైపు చేశాడు, పెట్టె పలికింది. “మాస్టారూ, నా గొంతు ఇంత దరిద్రంగా ఉందేంటండీ!” వార్డంతా నవ్వింది. ఫోన్లో ఆడగొంతు పెట్టుకోమంటే ఒప్పుకోలేదు. తను రిపేరు చేసిన గొంతే తనదట. ఒక్క మీట నొక్కితే “సిస్టర్ గారూ, రండి” అని గట్టిగా కేకేసేలా కూడా పెట్టాను. గొట్టంలో కఫం అడ్డుపడితే క్షణాల మీద తియ్యాలి మరి.

అంతా సవ్యంగా ఉంటే నేను ఊరుకోవాలిగా! ఒక సాయంత్రం ఆ కంప్యూటర్‌కి కొత్త అప్‌డేట్ ఎక్కించాను. అంతే, పెట్టె నత్తి కొట్టడం మొదలెట్టింది. సగం మాటలు మింగేస్తోంది. ఇంటికి తీసుకెళ్ళి పాత ప్రోగ్రాం పెట్టి పొద్దున్నే తెస్తానన్నాను. ఒక్క పూట ఓర్చుకో భాయ్, మంచం పక్కన సిస్టర్‌ని పిలిచే బెల్లుందిగా అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేనే మెల్లిగా విడిపించుకున్నాను.

రాత్రంతా పెట్టెకి కరెంటు లేదు, సంచిలోనే ఉంది. పొద్దున కూర్చుని పాత ప్రోగ్రాం ఎక్కించాను. పెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే, మామూలుగా ఇంగ్లీషులో తను సిద్ధమని చెప్పింది. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతోంది. రెంటినీ కలిపే తీగ ఇంకా తగిలించలేదు, నా ఒళ్ళో ఉంది. బస్సుకి ఆలస్యమవుతుందేమోనని మాట్లాడే వాచీ నొక్కాను. పదీ పది అంది.

అప్పుడు పెట్టె తెలుగులో మాట్లాడింది.

“మాస్టారూ. మంచం మార్చారు. బెల్లు అందట్లేదు. సిస్టర్‌ని...”

నత్తి లేదు. శుభ్రంగా పలికింది. నేనేమనుకున్నానో తెలుసా? ఛీ, నిన్నటి చెత్త ఇంకా దీని కడుపులోనే ఉందనుకున్నాను. విసుగొచ్చి స్విచ్చి కట్టేశాను. ఫోన్ నా జేబులోనే ఉంది.

మళ్ళీ వేసి, తీగ తగిలించి చూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. సంబరంగా బస్సెక్కాను.

వార్డులో ఎప్పటిలాగే లెక్కపెట్టుకుంటూ నాలుగో మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి వేశాను. తగిలింది భాయ్ కాలు కాదు, ఎవరో లావుపాటి మనిషిది. అతను కంగారుగా కాలు లాక్కున్నాడు. ఆ పేషెంటుని పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్కకి మార్చారండీ అని ఎవరో అన్నారు. అటునుంచి భాయ్ భార్య నూర్జహాన్ వదిన ఏడుపు వినపడింది.

వదిన మందులకని కిందికి దిగిందట. గొట్టంలో కఫం అడ్డుపడింది. కొత్త మంచం దగ్గర బెల్లు స్విచ్చి తలవైపు గోడకి, చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉంది. సిస్టర్ వచ్చి చూసేసరికి పదింపావు. అప్పటికే అయిపోయింది. సిస్టర్లకి రాసి చూపించే ఆయన పలక కింద పడి ఉంది, దాని మీద ఏమీ రాసి లేదని వదిన చెప్పింది.

నేను వెతకని చోటు లేదు. పెట్టెకి వెళ్ళే ప్రతి మాటా కంప్యూటర్‌లో నమోదవుతుంది. మొదటిరోజు నుంచీ చదివించుకున్నాను. ఆ మాటలు ఎక్కడా లేవు. ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఉత్తరం పెట్టాను. పాత మాటేదో పెట్టె జ్ఞాపకంలో మిగిలి ఉంటుందన్నారు. కరెంటు పోతే ఆ జ్ఞాపకం చెరిగిపోతుందని వాళ్ళే ఒప్పుకున్నారు. అయినా ఎనిమిదింటికి మంచం మారుస్తారని ముందురోజు టైపు చేసిందెవరు? నాకైతే ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

వదినకి ఇప్పటివరకూ ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెప్పను?

ఇప్పటికీ ప్రతి అప్‌డేట్‌కీ ఆ ప్రోగ్రాం దిద్దుతూనే ఉన్నాను. రోజూ పది గంటలకి తీగ పీకేసి, పెట్టె స్విచ్చి వేసి కూర్చుంటాను. ఇంగ్లీషులో తను సిద్ధమంటుంది, అంతే. అరగంట వింటాను. ఆ రోజు అది ఎలా మాట్లాడిందో నాకు తెలీదు, ఎవరు మాట్లాడించారో తెలీదు. మాట సగంలో ఉండగా స్విచ్చి కట్టేసింది మాత్రం నేనే.