ఎర్ర గడి అడిగిన సర్పంచి

2003 జూన్‌లో నన్ను అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి ప్రోగ్రామర్‌గా వేశారు. మొదట అప్పగించిన పని, మండలాల వర్షపాతం పట్టికను వెబ్ పేజీగా చెయ్యడం. మామూలుకన్నా వాన బాగా తగ్గితే గడి ఎర్రగా, లేకుంటే పచ్చగా కనిపించాలి. చేత్తో రంగులు వెయ్యం. ప్రోగ్రాంలో ఒక షరతు రాస్తే, అంకె మారినప్పుడల్లా రంగు దానంతట అదే మారుతుంది. మా జిల్లాకు షరతు కూడా దండగే. పేజీ మొత్తం ఎర్రగా పూసేసినా పెద్దగా తప్పులు దొరికేవి కావు.

పేజీ చూసి పై అధికారి మురిసిపోయాడు. ఆ రోజుతో అంకెలు చదవడం మానేశాడు. ఎర్ర గడి మండలాలకు పశుగ్రాసం, నీళ్ల ట్యాంకర్లు. పచ్చ గడికి ఏమీ లేదు.

ఆగస్టులో ముదిగుబ్బ వైపు నుంచి ఓబులప్ప అనే సర్పంచి వచ్చాడు. వాళ్ల మండలంలో ఒక్క రాత్రి కుండపోతగా కురిసింది, అదీ వానమాపకం ఉన్న మండల కేంద్రంలోనే. ఆ తర్వాత చుక్క లేదు. మొత్తం వాన లెక్కకు సరిపోయి గడి పచ్చబడింది.

"ఏమప్పా, మీ మాపకం మీద పడితే మా చేన్లలో పడినట్లేనా? శెనక్కాయ చెట్లు ఎండిపోతాండాయి. గొర్రెలకు మేత లేదు. ఆ గడికి ఎర్ర రంగు కొట్టు" అన్నాడు.

రంగు వేసేది నేను కాదు, కంప్యూటరన్నాను.

"అట్లయితే దాన్ని నా పక్కకు తిప్పు. నేనే అడుగుతా."

నవ్వొచ్చింది. గొర్రెల మాట గుర్తొచ్చి వెంటనే సిగ్గేసింది. నిజానికి పట్టికలో పక్కనే, వాన పడిన రోజులెన్నో చెప్పే గడి ఉంది. దానికి రంగు వెయ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి తెల్లగా ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం పై అధికారి జరిపే కరువు సమీక్షకు పట్టిక అచ్చు తియ్యాలి. ప్రింటర్‌లో రంగు కాట్రిడ్జి అయిపోయింది. కొత్తది బీరువాలో ఉంది, తాళం నా జేబులో ఉంది. నేను తియ్యలేదు. నల్ల ఇంకుతో తీస్తే ఎరుపూ పచ్చా ఒకే బూడిద రంగులో వచ్చాయి.

పై అధికారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, వేరే గతిలేక చదవడం మొదలుపెట్టాడు. ఓబులప్ప మండలం దగ్గర ఆగి, వాన పడింది ఒక్కరోజేనా అని అడిగాడు. ఒక్కరోజేనని వ్యవసాయాధికారి ఒప్పుకున్నాడు. ఆ మండలానికీ గ్రాసం పంపమని ఆదేశమైంది. సమీక్ష మాత్రం చీకటి పడేదాకా సాగింది.

మర్నాడే నాకు మెమో వచ్చింది, ఇకపై సమీక్ష కాగితాలు విధిగా రంగుల్లోనే ఉండాలని. రంగుల్లోనే ఇచ్చాను, వాన రోజుల గడికి కూడా ఒక షరతు రాసి. షరతు రాయడం అరగంట పని. రంగు వేసిన గడిలో అంకెను ఎవరూ చదవరని, వెయ్యని గడిని అసలు చూడరని ఆ సమీక్షలో తెలుసుకున్నాను.